ఇరవై మూడు దద్దుర్లు

నా చిన్నప్పుడు మా రైల్వే కాలనీ డిస్పెన్సరీలో సూది వేయించుకున్నవాళ్లెవరికీ రెండు కాళ్లకూ చెప్పులు ఉండేవి కావు. ఎడమ కాలి చెప్పు దీదీ బల్ల కింద ఉండేది. అరగంట గడిచాకే అది తిరిగి కాలికి వచ్చేది. చెప్పులు లేకుండా వచ్చేవాళ్లూ చాలామందే ఉండేవారు. వాళ్ల దగ్గర గొడుగో, టిఫిన్ క్యారియరో పుచ్చుకునేది. వర్క్‌షాప్ మనుషులైతే తమ ఇత్తడి బిళ్ల ఇవ్వాలి. నంబరు కొట్టిన ఆ బిళ్ల లేనిదే వాళ్లను గేటు లోపలికి పోనివ్వరు. సూది పొడిపించుకుని సైరన్ మోగేలోపు పరుగెత్తుదామనుకునే మొండివాడైనా సరే, గోడ మేకుకు వేలాడుతున్న తన బిళ్లను చూస్తూ బెంచీ మీద కూర్చోవలసిందే.

దీదీ బెంగాలీ ఆవిడ. అప్పటికే యాభై దాటిన నర్సు. మందపాటి కళ్లద్దాలు, మోచేతుల దాకా మడిచిన తెల్ల రవికె. ఆవిడ తెలుగు నేర్చుకున్నది వర్క్‌షాప్ ఫిట్టర్ల దగ్గర. అందువల్ల ఆడా మగా, చిన్నా పెద్దా అందరినీ "ఒరే" అనేది. అరవై ఏళ్ల ముసలమ్మను కూడా "ఒరే, జాకెట్టు సెయ్యి పైకి మడువురా" అంటే బెంచీ అంతా నవ్వేది. ఆవిడకు ఆ నవ్వు ఎందుకో చివరిదాకా తెలియలేదనుకుంటాను. తెలిసినా మానలేదేమో.

నన్ను మాత్రం 'ఘడీవాలీ' అనేది. ఇంట్లో ఎవరికి సూది రాసినా తోడు వెళ్లేదాన్ని. గోడ గడియారంలో నిమిషాలు తప్పులేకుండా చదువుతానని నాకా పేరు వచ్చింది. ఎవరికి ఎప్పుడు సూది పడిందో, ఎవరికి అరగంట నిండిందో నేను చెబితే ఆవిడ మళ్లీ గడియారం వైపు చూసేది కాదు. అంత నమ్మకం. లెక్కల్లో నేను ఎన్నడూ తప్పు చెప్పలేదన్నది నా గర్వం కూడా.

అది 1963, జూలై నెల. నాకు పదకొండేళ్ల రెండు నెలలు. మా నాన్న వర్క్‌షాప్‌లో ఫిట్టరు. మా క్వార్టరు నుంచి డిస్పెన్సరీకి నా నడకలో పదమూడు నిమిషాలు. అమ్మ ఒడిలో ఇరవై రోజుల మా చిన్న చెల్లెలు ఉంది. బాలింతకు తోడుగా శ్రీకాకుళం వైపు నుంచి మా అమ్మమ్మ, ఆవిడతో మా పిన్ని వచ్చారు. పిన్ని అమ్మకు ఆఖరి చెల్లెలు, పందొమ్మిదేళ్లది. పనిలో పనిగా, లోకో షెడ్డులో ఫైర్‌మన్‌గా ఉన్న ఒక కుర్రాడి తరఫువాళ్లు ఆ శుక్రవారం పిన్నిని చూసుకోవడానికి వస్తారని మాట అయింది.

ఈలోగా కుళాయి దగ్గర తుప్పు రేకు మీద కాలు వేసి పిన్ని మడమ కోసుకుంది. గాయానికి చీము పట్టింది. డాక్టరుగారు చూసి ఐదు రోజులు ఐదు పెన్సిలిన్ సూదులు రాశారు. మా బడి మధ్యాహ్నం పూట కావడంతో పిన్ని వెంట వెళ్లే పని నాకు పడింది.

సోమవారం మొదటి సూది పడింది. అరగంట కూర్చున్నాం, ఏమీ కాలేదు. చెప్పు తొడుక్కుని, కుంటుకుంటూ, నవ్వుకుంటూ ఇంటికి వచ్చేశాం. పోయిన ఏడాది ఊళ్లో జ్వరం వచ్చినప్పుడు కూడా ఇదే సూది వేశారని దారిలో పిన్ని చెప్పింది. దానికీ దీనికీ ముడి ఉంటుందని మాకేం తెలుసు!

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు పిన్ని చేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. చూస్తే ఎర్రగా, ఉబ్బుగా దద్దుర్లు. నాకు ఏది కనిపించినా లెక్కపెట్టే అలవాటు. ఎడమ చేతి మీద పద్నాలుగు, మెడ మీద తొమ్మిది. మొత్తం ఇరవై మూడు. ఆ తర్వాత అవి ఒకదానిలో ఒకటి కలిసిపోయి లెక్కకు అందలేదు. నాన్న కప్పుకునే నల్ల కంబళి అమ్మమ్మ తెచ్చి పిన్ని ఒంటిని బరబరా రుద్దింది. దద్దుర్లకు మా వైపు అదే వైద్యం. "ఎండ్రొయ్యలు తిన్నావు గదే, మరేటవుతాది" అని తేల్చేసింది. తెల్లారేసరికి ఒళ్లు మామూలైంది. వైద్యం ఫలించిందనుకున్నాం.

మంగళవారం పొద్దున బయలుదేరుతుంటే అమ్మమ్మ నన్ను గుమ్మం దగ్గర ఆపింది. "ఓలి గుంటా, రేత్రి దద్దుర్ల ఊసు అక్కడ ఎత్తకు. ఆ బెంచీ మీద కూకున్నోళ్లకి నోటికి తాళం నేదు. పిల్లకి సర్మం జబ్బని శుక్రారం లోపల షెడ్డంతా పాకీద్ది" అంది.

ఆవిడ భయం ఊరికే పుట్టింది కాదు. మా కాలనీలో సగం మంది ఒకే జిల్లా వాళ్లు. డిస్పెన్సరీ బెంచీ మీద పొద్దున అన్న మాట పన్నెండు గంటల సైరన్‌కు వర్క్‌షాప్ దాటి, సాయంత్రానికి పెళ్లికొడుకు ఇంటికి చేరేది. ఇది నేను ఇప్పుడు అమ్మమ్మను వెనకేసుకురావడానికి చెప్పడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

సూది వేసేముందు దీదీ ప్రతివాళ్లనీ ఒక ప్రశ్న అడిగేది. ఎంత రద్దీ ఉన్నా మానేది కాదు. ఆ రోజూ అడిగింది. ఆవిడ గొంతు చిన్నది కాదు, బెంచీ చివరిదాకా వినిపించేది.

"ఒరే, నిన్న సూది తరవాత ఏటైనా అయిందా? దురద? దద్దురు? ఊపిరి పట్టిందా?"

బెంచీ మీద ఆరుగురు ఉన్నారు. మా పక్కింటి అత్త అందరికంటే ముందు కూర్చుని ఉంది. పిన్ని నా చెయ్యి నొక్కింది.

"ఏటీ నేదు దీదీ."

దీదీ కళ్లద్దాల మీద నుంచి నా వైపు చూసింది. "నువ్వు సెప్పు, ఘడీవాలీ."

"ఏటీ నేదు దీదీ" అన్నాను.

ఇరవై మూడు అని తెలిసినదాన్ని సున్నా అని చెప్పాను. నా జన్మలో నేను చెప్పిన మొదటి తప్పు లెక్క అదే.

"ఠీక్ హై" అంది దీదీ. సూది పడింది. ఎడమ చెప్పు బల్ల కిందకు పోయింది. గడియారంలో పది గంటల పది నిమిషాలు.

పది పద్నాలుగుకు పిన్ని అరచేతులు గోక్కోవడం చూశాను. చేతుల పైభాగం కాదు, అరచేతులు. చూశాను గానీ మాట్లాడలేదు. ఇప్పుడు చెబితే నిన్నటిది కూడా బయటపడుతుంది. నా అబద్ధం అందరి ముందూ తేలిపోతుంది. తగ్గిపోతుందిలే అనుకుంటూ ముల్లు వైపు చూస్తూ కూర్చున్నాను. పది పదహారుకు పిన్ని నా భుజం పట్టుకుని, "నాలిక లావుగా అయిపోతందే. నాకు బయమేస్తంది. ఏటో అయిపోతాను" అంది. అది మా పిన్ని గొంతు కాదు. బొంగురుగా, ఎవరో అరువిచ్చినట్టుగా ఉంది.

పద్నాలుగు నుంచి పదహారు దాకా ఆ రెండు నిమిషాలూ నావి. వాటిని మరొకరి పద్దులో వేయలేను.

తర్వాత జరిగింది కళ్ల ముందు జరిగినా నమ్మలేకపోయాను. పిన్ని మొహం కుంకుమ పూసినట్టు ఎర్రబడింది. పెదవులు, కనురెప్పలు ఉబ్బిపోయాయి. ఒళ్లు వణికింది, ముడి ఊడి జుట్టు భుజాల మీద పడింది, కనుగుడ్లు పైకి పోయాయి. గొంతులోంచి పిల్లికూతల్లాంటి చప్పుడు. పక్కింటి అత్త ఒక్క ఉదుటున లేచి చేతులు జోడించింది.

"ఓలమ్మో! అమ్మోరు వచ్చీసింది! తల్లి పూనీసింది!"

నవ్వకండి. ఏటా అమ్మవారి పూజల్లో మేము చూసే పూనకం అచ్చం అలాగే ఉండేది. ఎర్ర మొహం, విరబోసిన జుట్టు, వణుకు, మాట రాకపోవడం. పూనకం వచ్చిన మనిషిని పడిపోనివ్వకూడదు, నిలబెట్టి పట్టుకోవాలి. మాకు తెలిసింది అది. ఇద్దరు ఆడవాళ్లు పిన్ని చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టారు. ఒకామె నోట్లో నీళ్లు పోయబోయింది. పక్కింటి అత్త కళ్ల నీళ్లతో అడుగుతోంది: "ఎవరు తల్లీ నువ్వు? పైడితల్లివా, నూకాలమ్మవా? పిల్ల ఏటి తప్పు చేసినాది? ఏటి కావాల, సెప్పు తల్లీ!"

ఊపిరందని మా పిన్నిని, మాటలాడమని బతిమాలుతున్నారు.

నిలబెట్టిన మరుక్షణమే పిన్ని మొహంలో ఎరుపంతా దిగిపోయి బూడిద రంగు వచ్చింది. తల వాలిపోయింది. లోపలి గదిలో ఎవరికో కట్టు కడుతున్న దీదీ కేక విని బయటకు వచ్చింది. ఒక్క చూపు చూసింది, అంతే.

"పడుకోబెట్టండిరా! నిలబెడితే సచ్చిపోద్ది! నీళ్లు వద్దు!"

ఆ గొంతుకు అమ్మవారైనా పక్కకు తప్పుకునేదే. పిన్నిని నేల మీదే వెల్లకిలా పడుకోబెట్టించింది. కాళ్ల కింద స్టూలు వేయించింది. వాంతి అవుతుంటే తల పక్కకు తిప్పి పట్టుకోమని పక్కింటి అత్తకే చెప్పింది. కిటికీ పక్కన తెల్ల గుడ్డ కప్పిన ట్రే ఒకటి ఎప్పుడూ ఉండేది. అందులో ఏముందో మేమెవరం ఎన్నడూ చూడలేదు, అడగలేదు. దీదీ ఆ గుడ్డ తీసింది. ఉడకబెట్టి ఉంచిన సిరంజి, చిన్న గాజు మందు బుడ్డి, దాని మెడ కోసే ఆకురాయి. వెతుక్కోవడం లేదు, తడుముకోవడం లేదు. బుడ్డి మెడ టక్కున విరిచి, మందు ఎక్కించి, తొడలో పొడిచేసింది.

"ఘడీవాలీ! టైం!"

నేను పిన్ని మొహమే చూస్తున్నాను.

"టైం సెప్పరా!"

"పది... పది పద్దెనిమిది."

"గట్టిగా సెప్పు. నిమిసం నిమిసం సెప్పు. ఆపకు."

అక్కడే ఉన్న ఒక ఫిట్టరును సైకిలు మీద డాక్టరుగారి కోసం పరుగెత్తించింది. ఆయన ఒక క్వార్టరులో రోగిని చూడడానికి వెళ్లి ఉన్నారు. ఆ మనిషి గోడ మేకుకున్న తన బిళ్ల వైపైనా చూడకుండా పోయాడు. నేను నిమిషాలు చెబుతూ నిలబడ్డాను. పది పందొమ్మిది. పది ఇరవై. దీదీ వేళ్లు పిన్ని మెడ పక్కన నాడి మీదే ఉన్నాయి. ఆవిడ మొహం చూసి పరిస్థితి తెలుసుకుందామంటే అందులో ఏమీ రాసి లేదు. పది ఇరవై మూడు అన్నాను. ఇరవై మూడు. గోడ మీది గడియారం కూడా నా అబద్ధం అందరికీ చెబుతున్నట్టనిపించింది. పిల్లికూతలు తగ్గాయి, కానీ అది మంచిది కాదని దీదీ పెదవులు బిగించడంలో తెలిసింది. లోపలికి గాలి పోతేనే కదా కూతైనా వచ్చేది.

పది ఇరవై నాలుగుకు రెండో సూది వేసింది.

పది ఇరవై ఆరుకు డాక్టరుగారు వచ్చారు. ఆక్సిజన్ పెట్టారు, మరేదో మందు నరంలోకి ఎక్కించారు. పది ముప్ఫై ఒకటికి పిన్ని చేతి వేలు కదిలింది. ముప్ఫై మూడుకు కళ్లు తెరిచింది. అంబులెన్సులో పెద్దాసుపత్రికి తీసుకువెళ్లారు. తేరుకున్నాక కూడా కొన్ని గంటలకు మళ్లీ తిరగబెట్టవచ్చనీ, రాత్రంతా చూస్తూ ఉండాలనీ డాక్టరుగారు చెప్పారు.

పది పదికి సూది, పది పద్దెనిమిదికి విరుగుడు. మధ్య ఎనిమిది నిమిషాలు. దీదీ చెప్పు పట్టుకోకపోయి ఉంటే ఎనిమిదో నిమిషానికి మేము రోడ్డు మీద, ఏ సాయమూ లేనిచోట ఉండేవాళ్లం. ఈ తీసివేత నేను ఇప్పటికి కొన్ని వేలసార్లు చేసి ఉంటాను. ప్రతిసారీ అదే జవాబు.

బెంచీ ఖాళీ అయ్యాక దీదీ కుర్చీలో కూర్చుంది. ఆవిడ అడక్కుండానే నేను అంతా చెప్పేశాను. రాత్రి దద్దుర్లు వచ్చాయని, కంబళితో రుద్దారని, శుక్రవారం పెళ్లిచూపులని, లెక్కపెట్టానని.

"ఎన్ని?" అంది.

"ఇరవై మూడు. తరవాత కలిసిపోయినాయి."

కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఆవిడ కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడుచుకుంది.

"బాగా లెక్కపెట్టినావు" అంది. "ఎవరికి సెప్పడానికి లెక్కపెట్టినావు?"

నేను పిన్ని కాళ్ల కింద వేసిన స్టూలు తీసి గోడకు జరిపాను.

బల్ల కింద నుంచి పిన్ని చెప్పు తీసి నా చేతిలో పెట్టి ఇంటికి పొమ్మంది. కుడి చెప్పు ఏమైందో ఆ గొడవలో ఎవరికీ తెలియలేదు. ఒక్క చెప్పు పట్టుకుని పదమూడు నిమిషాలు నడిచాను. వాకిట్లో బియ్యం ఏరుతున్న అమ్మమ్మ నన్ను చూసింది, నా వెనక చూసింది, నా చేతిలో ఒంటి చెప్పు చూసింది. చేట జారిపోయింది. "నా పిల్లేదే?" అని ఆవిడ పెట్టిన కేక విని నాలుగు క్వార్టర్ల వాళ్లు బయటకు వచ్చారు. "బతికే ఉంది అమ్మమ్మా" అని నేను అనేసరికి ఎంతసేపైందో, అదొక్కటే నేను లెక్కపెట్టలేదు.

మర్నాడు పెద్దాసుపత్రి నుంచి వచ్చేటప్పుడు నాన్న, నేను డిస్పెన్సరీకి వెళ్లాం. తెర కట్టిన మూల ఒకటి కొత్తగా కనిపించింది. పాత దుప్పటిని తాడుకు వేలాడదీశారు. సూదికి వచ్చినవాళ్లను ఒక్కొక్కరినీ ఆ తెర వెనక్కు పిలిచి, చెవిలో చెప్పినంత మెల్లగా దీదీ అదే ప్రశ్న అడుగుతోంది. అన్నేళ్లు బెంచీ అంతా వినేలా అడిగిన మనిషి! నాన్న దండం పెడితే ఆవిడ తల అడ్డంగా ఊపింది. "అడిగినాను గానీ, సెప్పలేని సోట అడిగినాను. అది నా తప్పు" అంది. అంత పెద్ద మనిషి తప్పు ఒప్పుకోవడం నేను అదే మొదటిసారి చూడడం. దానితో నా తప్పు తగ్గలేదు. కానీ తప్పు తెలిశాక చేయవలసింది ఏడవడం కాదు, దుప్పటి కట్టడం అని తెలిసింది.

తర్వాత గోడ మేకుల వైపు చూపించి నాన్నను ఒక మాట అడిగింది. ఈ మందు ఈ పిల్లకు పడదని కాగితం మీద రాసిస్తే వానకు తడుస్తుంది, పెట్టెలో పోతుంది. మాట రాని స్థితిలో ఎక్కడైనా పడిపోతే కాగితం ఎవరు వెతుకుతారు? మీ బిళ్లలాంటిది ఒకటి చేయగలవా అని.

నాన్న చేశాడు. తుక్కులో పోయే ఇత్తడి ముక్క ఒకటి ఫోర్‌మన్‌ను అడిగి తెచ్చుకుని, గుండ్రంగా కోసి, అంచులు గుచ్చుకోకుండా అరగదీసి, బిళ్లల మీద నంబర్లు కొట్టే అచ్చులతోనే ఇంగ్లీషు అక్షరాలు కొట్టాడు. ఒక వైపు మందు పేరు, రెండో వైపు 'వద్దు' అని. నల్ల తాడుకు గుచ్చి పిన్ని మెడలో వేశాడు.

పెళ్లిచూపులు మూడు వారాలు వాయిదా పడ్డాయి. వాళ్లు వచ్చిన రోజు అమ్మమ్మ ఆ బిళ్లను పిన్ని రవికె లోపలికి తోసింది. పిన్ని బయటకు తీసింది. అమ్మమ్మ మళ్లీ తోసింది. పిన్ని మళ్లీ తీసి, పమిట మీదకు వేసుకుని, వెళ్లి చాప మీద కూర్చుంది. పెళ్లికొడుకు తల్లి "ఇదేటి తల్లీ, ఏ దేవుడి బిళ్ల?" అని అడిగింది. పిన్ని దద్దుర్ల దగ్గర నుంచి రెండో సూది దాకా మొత్తం చెప్పింది. ఒక్క నా అబద్ధం తప్ప. అది చెప్పలేదు.

పెళ్లికొడుకు ముందుకు వంగి, బొగ్గు మసి పోని వేలితో బిళ్ల తిప్పి చూశాడు. "ఎవరు కొట్టినారు? అచ్చరాలు శానా సమంగా పడినాయి" అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది. సంబంధం అక్కడే కుదిరింది.

పిన్ని మంగళసూత్రం పక్కనే ఆ బిళ్లను బతికినన్నాళ్లూ వేసుకుంది. రెండో కాన్పులో స్పృహ తప్పినప్పుడు పెన్సిలిన్ సూది ఎత్తిన చేతిని ఆ బిళ్లే ఆపింది. డెబ్బై ఎనిమిదేళ్లు బతికి, నిద్రలో వెళ్లిపోయింది. బిళ్ల ఇప్పుడు నా దగ్గర ఉంది.

'ఎవరికి సెప్పడానికి లెక్కపెట్టినావు' అన్న దీదీ ప్రశ్నకు జవాబు నాకు ఏళ్ల మీద దొరికింది. ఇంట్లో ఎవరికి ఏ మందు ఎప్పుడు ఇచ్చారు, తర్వాత ఎన్ని నిమిషాలకు ఏమైంది అన్నది తేదీతో సహా రాసి ఉంచుతాను. రాసి ఊరుకోను. డాక్టరు అడిగినా అడగకపోయినా ముందు అదే చెబుతాను, ఎవరు వింటున్నా సరే. చాదస్తమని మా కోడలు నవ్వుతుంది. నవ్వనీ.

పోయిన నెల మోకాలి నొప్పికి ఆసుపత్రిలో సూది వేశారు. ఇంక వెళ్లవచ్చు బామ్మగారూ అంది ఆ పిల్ల నర్సు. నేను ఎడమ కాలి చెప్పు విప్పి ఆమె బల్ల కిందకు తోశాను. ఎందుకని అడిగింది. అరగంట తర్వాత ఇవ్వమ్మా, అప్పుడు చెబుతాను అన్నాను. గోడ గడియారంలో అప్పుడు పదకొండు గంటల ఐదు నిమిషాలు.